మొండయ్య సారు పగలగొట్టిన బుగ్గలు

మా బడిలో సైన్సు చెప్పే మొండయ్యకు ఏమీ తెలియదన్న సంగతి వరంగల్లు మండి బజారు వెనక నాలుగు గల్లీలకూ తెలుసు. చాటింది శత్రువులు కారు, ఆయన దగ్గర చదువుకునే పిల్లలే. పొయ్యి మీద పాలు పొంగుతాయి, నీళ్లు ఎందుకు పొంగవు అని ఎవరైనా అడిగితే మొండయ్య చెవి వెనక గోక్కుని, "నాకేమెర్క బిడ్డా, సూద్దాం పా" అనేవాడు. పిల్లలు ఇళ్లకు పోయి, మా సారుకు ఏమీ ఎర్క లేదట అని సంబరంగా చెప్పేవాళ్లు. వాళ్ల తండ్రులు మరునాడు హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు గారి ముందు నిలబడి, ఏమీ తెలియనాయనకు సర్కారు జీతం ఎందుకిస్తున్నదని అడిగేవాళ్లు. ఆ ప్రశ్నకు జవాబు రాజేశ్వర్ రావు గారికీ తెలియదు.

నాకు మాత్రం అన్నీ తెలుసు. నా పేరు రాంచందర్, అదే బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. పండిత పరీక్ష రెండుసార్లు తప్పిన మాట నిజమే గాని, అది పేపర్లు దిద్దినవాళ్ల ఖర్మ అని నేను నమ్మేవాణ్ణి.

మొండయ్యది పరకాల దగ్గర ఒక పల్లె. తండ్రి కట్టయ్య వ్యవసాయం చేసేవాడు. మేడిని ఎక్కడ పట్టుకుంటే ఎడ్లకు భారం తగ్గుతుందని కొడుకు అడిగితే, చెప్పకుండా నాగలి చేతికిచ్చి సాయంత్రం దాకా తోలించాడట. రోగం బహుశా అక్కడే అంటుకుంది. చదువంతా నిజాం కాలంలో ఉర్దూలో సాగింది. రాష్ట్రం మారి బడి తెలుగులోకి వచ్చాక, నలభయ్యో ఏట ఆయన మళ్లీ పలక పట్టినంత పని చేశాడు. మాట్లాడితే తెలుగు ధారగా వచ్చేది, రాస్తే ఒత్తులన్నీ ఎగిరిపోయేవి. చెట్టును "చెటు" అని, అగ్గిపుల్లను "అగిపుల" అని రాసేవాడు. స్టాఫు రూములో ఆయన రాతను నేను గట్టిగా చదివి నలుగురినీ నవ్వించేవాణ్ణి. ఆయన కూడా నవ్వేవాడు. అదే నాకు నచ్చేది కాదు.

సేర్లు పోయి కిలోలు వచ్చిన ఆ రోజుల్లోనే, అంటే అరవై ఒకటిలో, పైఆఫీసు నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. ప్రతి బడిలో నాలుగు, అయిదు తరగతుల నుంచి ఏడుగురు తెలివైన పిల్లలను ఏరి, శనివారం మధ్యాహ్నం రెండు గంటలు వాళ్ల చేత ప్రయోగాలు చేయించాలి, బుర్రకు పని పెట్టాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. సర్క్యులరు వెనకే ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో బోలెడంత గడ్డి, గాజు పెంకులు, ఒక అయస్కాంతం, "జాగ్రత్తగా దించవలెను" అన్న చీటీ ఉన్నాయి. అయస్కాంతం, చీటీ క్షేమంగా చేరాయి.

హెడ్మాస్టరు గారు వెంటనే ఏడుగురి పేర్లు రాసిచ్చారు. అందరూ ఫస్టు మార్కుల వాళ్లే, అందులో అయిదుగురు పెద్ద దుకాణాల పిల్లలు. మొండయ్య ఆ కాగితాన్ని భక్తిగా మడిచి జేబులో పెట్టుకుని, తరగతికి పోయి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. మీ ఇంట్లో పెద్దలు చెప్పే మాటల్లో మీరు నమ్మని మాట ఒకటి చెప్పండి అన్నాడు. ఫస్టు మార్కుల వాళ్లంతా చేతులు కట్టుకుని, పెద్దలు చెప్పిన మాటలన్నీ నమ్ముతామన్నారు. వాళ్లను కూర్చోమన్నాడు. చాకిరేవు దగ్గర ఉండే కొమురెల్లి మాత్రం లేచి, పండ్ల గింజ మింగితే కడుపులో చెట్టు మొలుస్తదని మా అవ్వ అంటది, నేను యాభై మింగి చూసిన, ఒక్కటీ మొలవలే అన్నాడు. ఎంపికయ్యాడు. సాంబయ్య సావుకారి కూతురు శకుంతల లేచి, మా బాపు తన తరాజు సరిగ్గున్నదంటడు, నేను నమ్మను అంది. ఎంపికైంది. ఇలాంటి వాళ్లే ఇంకో అయిదుగురు దొరికారు. వీళ్లు తెలివైన పిల్లలా, తిన్నింటి వాసాలు లెక్కపెట్టే పిల్లలా అని నేను రాజేశ్వర్ రావు గారితో అన్నాను.

పెట్టెలో గాజు పెంకులే కదా వచ్చింది. మిగతా సామానంతా మొండయ్య భార్య పూలమ్మ వంటింట్లోంచి సరఫరా అయ్యేది. శనివారం పొద్దున హనుమకొండ నుంచి ఆయన సైకిలు వస్తుంటే హ్యాండిలుకు జల్లెడ, రెండు చెంబులు, వెనక వంట గంజు, మెడలో రబ్బరు గొట్టం వేలాడేవి. ఎదురైనవాళ్లు కాపురం మారుస్తున్నాడా అని అడిగేవాళ్లు. ఒకసారి పూలమ్మ చెంబు వెతుక్కుంటూ బడికే వచ్చేసింది. ధర్మసాగర్ చెరువు నీళ్లు మన బడి నల్లా దాకా ఎవరు తోసుకొస్తున్నారన్నది ఆ రోజు ప్రశ్న. మున్సిపాలిటీ మనిషి అని కొమురెల్లి గట్టిగా వాదిస్తున్నాడు. రెండు చెంబులకు రబ్బరు గొట్టం కలిపి, ఒకటి ఎత్తితే ఇంకొక దాంట్లోకి నీళ్లు వాటంతట అవే నడిచిపోవడం పిల్లలు చూశారు. పూలమ్మ కూడా చూసింది. చెంబు సంగతి మరిచిపోయి, మరి మన ఇంటి ఓనరు మేడ మీదికి నీళ్లెందుకెక్కవని మొగుణ్ణి అడిగింది. నాకేమెర్క అన్నాడాయన. పదిహేనేళ్లుగా ఇదే మాట వింటున్నానని ఆమె మా అందరికీ చెప్పి, చెంబు అక్కడే వదిలేసి పోయింది.

తరాజు సంగతి పెద్ద రభస అయింది. శకుంతల అన్న మాట మొండయ్య మరిచిపోలేదు. ఒక శనివారం ఏడుగురినీ తీసుకుని సాంబయ్య దుకాణానికి నడిచాడు. వేడుక చూద్దామని నేనూ వెంట వెళ్లాను. శకుంతల తన బాపును పక్కకు జరగమని, కిలో రాయి ఎడమ పళ్లెంలో పెట్టి, కుడి పళ్లెంలో పెసర్లు పోసి ముల్లు నిలబెట్టింది. తర్వాత రాయిని కుడికీ, పెసర్లను ఎడమకూ మార్చింది. తరాజు సరైనదైతే మళ్లీ ముల్లు నిలబడాలి. నిలబడలేదు, ఒక పక్కకు ఒరిగింది. దుకాణం ముందు జనం పోగయ్యారు. సాంబయ్య ముఖం పాలిపోయింది. మొండయ్య మాత్రం తొణకలేదు. ఒక్కసారి చూస్తే లెక్కలోకి రాదు, మళ్లీ చేయమన్నాడు. మూడుసార్లు చేశారు, మూడుసార్లూ పెసర్ల వైపే కిందికి దిగింది.

అప్పుడు శకుంతల కాసేపు ఆలోచించి, రాయికంటే పెసర్లే బరువుగా ఉన్నాయంటే కొన్నవాళ్లకే ఎక్కువ పోతోంది అని తేల్చింది. తరాజు కాడ కుడివైపు పొట్టిది. సాంబయ్య తండ్రి కొన్న తరాజు అది. సాంబయ్య గోనెసంచి మీద కూలబడి, "పన్నెండేండ్ల సంది ధర్మం చేస్తాన్న, నాకే ఎర్క లేకపాయె" అన్నాడు.

మరునాడే కొత్త తరాజు తెచ్చాడు. దానితో తూపించుకోవడానికి ఒక్క బేరగాడూ ముందుకు రాలేదు. వచ్చిన ప్రతివాడూ సైన్సు సారు చూసిన పాత తరాజుతోనే తూచమని పట్టుబట్టేవాడు. ఊళ్లో ధర్మాత్ముడన్న పేరు వచ్చాక దాన్ని వదులుకోవడం సాంబయ్యకూ కష్టమైంది. పాత తరాజునే దుకాణం ముందు వేలాడదీసి, దానికి కుంకుమబొట్టు పెట్టి, కొత్తదానితో తూచేవాడు. కూతురిని మాత్రం శనివారం క్లాసు మాన్పించలేదు.

ఇక రిపోర్టుల సంగతి. మొండయ్య తన చేతిరాతతో ఒక చిత్తు రాసుకొచ్చేవాడు, నేను దాన్ని అందమైన తెలుగులోకి మార్చి గుండ్రటి దస్తూరీతో రాసేవాణ్ణి. సాయం చేస్తున్నానని నా ఉద్దేశం. మొదటి రిపోర్టులో, చేతిలో ఎన్ని బొక్కలున్నాయో పిల్లలు తడిమి లెక్కపెట్టిన ప్రయోగం రాశాను. మా దిక్కు బొక్క అంటే ఎముక. దానిమీద పైఆఫీసు నుంచి ఏ ఉలుకూ పలుకూ రాలేదు. నా భాషకు నోరెత్తలేకపోయారనుకున్నాను.

రెండో రిపోర్టు గాలి మీద. గాలికి బరువుంటుందా అని పిల్లలు అడిగారు, ఆయన మామూలు జవాబే చెప్పాడు. తర్వాత స్టేషను దగ్గర అమ్మేవాడి నుంచి ఎనిమిది బుగ్గలు కొనుక్కొచ్చాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేము బుగ్గ అనేది పిల్లలు నోటితో ఊదే రబ్బరు బుడగను. ముఖానికి రెండు పక్కలా ఉండేదాన్ని మేము దౌడ అంటాం. కోస్తా వాళ్లకు ఆ రెండో దాని పేరే బుగ్గ. ఇది ఇప్పుడు మీకు తెలుసు. అప్పుడు ఆ ముక్క మా బడిలో ఎవరికీ తట్టలేదు.

సన్నటి వెదురుపుల్లకు మధ్యలో దారం కట్టి, రెండు కొసలకూ ఊదిన బుగ్గలు కట్టి సమంగా నిలిపారు. ఒక బుగ్గను సూదితో పొడిస్తే అది టప్పుమంది, రెండో పక్క కిందికి వంగింది. గాలి పోయిన పక్క తేలికైందంటే గాలికి బరువున్నట్టే కదా. శకుంతల ఒప్పుకోలేదు. సూది తగిలినప్పుడు పుల్ల కదిలిందేమో అంది. మళ్లీ చేశారు. అలా ఏడుగురూ తలా ఒకటి ఊదిన ఏడు బుగ్గలనూ మొండయ్య ఒకదాని తర్వాత ఒకటి పగలగొట్టాక గాని ఆమెకు నమ్మకం కుదరలేదు. ఎదురు కొసన మిగిలిన ఎనిమిదో ఎర్ర బుగ్గను గాలి తీసి ఆమే దాచుకుంది.

మొండయ్య చిత్తు నా చేతికి వచ్చింది. "గాలికి బరువు ఉనదా సూసినం. రబరు బుగలు ఎనిమిది తెచిన. పిలలు ఊదినరు. కరకు కటి సూదితోని ఏడు పలగొటినం. పిలలు ఖుష్ అయినరు." ఇదీ దాని వరస. ఒత్తులన్నీ పెట్టుకుంటూ ఎర్ర సిరాతో దిద్దాను. ఖుష్ కొట్టేసి ఆనందభరితులని రాశాను. "రబరు" దగ్గర ఆగాను. ఒత్తు పెడదామా అనుకుని, అసలు ఆ మాటే తెలుగు కాదని తోచి అడ్డంగా గీత గీశాను.

మొండయ్య పక్కనే నిలబడి చూస్తున్నాడు. "రబ్బరు ఉంచుండ్రి రాంచందర్ సార్. లేకుంటె ఏం బుగ్గలో తెల్వది."

"బుగ్గంటె బుగ్గనే" అన్నాను. "తెలుగొచ్చినోళ్లకు ఎర్కయితది. అచ్చ తెలుగు రిపోర్టుల ఇంగ్లీషెందుకు?"

రిపోర్టు అన్న మాట ఏ దేశానిదో నాకు అప్పుడు స్ఫురించలేదు. ఆయన సంతకం పెట్టాడు. రిపోర్టు వెళ్లింది.

ఇరవై రోజులకు మెమో వచ్చింది. రాజేశ్వర్ రావు గారు మమ్మల్నిద్దరినీ పిలిచి చదివి వినిపించారు. "తమరు ఏడుగురు బాలబాలికల బుగ్గలను ఊదించి, దారముతో కర్రకు వ్రేలాడగట్టి, సూదితో గుచ్చి పగులగొట్టినట్లును, అందుకు విద్యార్థులు ఆనందభరితులైనట్లును తామే అంగీకరించియున్నారు. పసివారి సుకుమారమైన బుగ్గల విషయమున ఇట్టి క్రౌర్యము క్షమింపరానిది. క్లాసు తక్షణము నిలిపివేయవలెను. వచ్చే శనివారము విచారణకు ఇన్‌స్పెక్టరు వచ్చును. పగిలిన బుగ్గల ప్రస్తుత పరిస్థితిని చూపవలెను."

 బుగ్గలు సుకుమారమని సర్కారుకు కూడా తెలుసన్నమాట అని హెడ్మాస్టరు గారు ఆశ్చర్యపోయారు. రెండు పైసల బుగ్గ పగిలితే క్రౌర్యమేమిటో మా ముగ్గురికీ అంతుపట్టలేదు. పర్మిషన్ లేకుండా కొన్నందుకు కోపమొచ్చి ఉంటుందని ఆయన తేల్చారు. రుజువైతే ఏటూరునాగారం అడవికి బదిలీ తప్పదని కూడా అన్నారు. మొండయ్య బదిలీ మాట విన్నట్టే లేదు. బయటికి వచ్చాక వరండాలో నన్ను ఆపాడు.

"బదిలైతె కానియ్యుండ్రి సార్, ఆడ గూడ పిల్లలుంటరు. కని గీ ఏడుగురు ఇప్పుడిప్పుడే అడుగుడు నేర్సిండ్రు. నడుమ ఆపుతె మల్ల చేతులు కట్టుకొని కూసుంటరు."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరగడం నేను చూడటం అదే మొదలు. నాకు బాధేసింది. కాని అది ఆయన కష్టం, నాకేం సంబంధం అనుకున్నాను. విచారణకు ముందు శనివారం బడి తలుపు దగ్గర ఏడుగురూ జల్లెడ పట్టుకుని ఎదురుచూస్తే, క్లాసు లేదు పొమ్మని నేనే చెప్పాను.

పరిస్థితి చూపమన్నారు కదా అని మొండయ్య వారమంతా కష్టపడ్డాడు. ఆ రోజు పగిలిన రబ్బరు పేలికలను కొమురెల్లి జేబులో దాచుకున్నాడు. అవన్నీ వాడి దగ్గర తీసుకుని, ఎవరిది ఏదో విడదీసి, ఒక్కొక్కదానికి పేరు రాసిన చీటీ కట్టి, లిఫాఫాలో, అంటే కవరులో పెట్టాడు.

విచారణ నాడు జీపులో వచ్చిన ఇన్‌స్పెక్టరు భీమశంకరం గారు రాజమండ్రి వైపు మనిషి. ఈ జిల్లాకు వచ్చి నెల కూడా కాలేదు. చెడ్డవాడేమీ కాదు, చేతిసంచిలో దూది, అయోడిన్ సీసా పెట్టుకుని మరీ వచ్చాడు. వాటిని బల్ల మీద పెట్టి, పిల్లలను వరసగా నిలబెట్టమన్నాడు. నిలబెట్టాం. శకుంతల ముఖం ఎడమకూ కుడికీ తిప్పి చూశాడు. బాగానే ఉంది. రెండోవాడు బాగానే ఉన్నాడు. మూడోవాడు కొమురెల్లి. వాడికి ముందురోజు నుంచే పంటినొప్పి. ఒక పక్క దౌడ లడ్డూలా వాచి, తలచుట్టూ గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు వాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. 

"మీ సారు నీ బుగ్గ పగలగొట్టాడా నాయనా?"

"పలగ్గొట్టిండు సార్" అన్నాడు కొమురెల్లి గర్వంగా.

"సూదితోనేనా?"

"సూదితోనే సార్."

"బాగా నొప్పి పుట్టిందా?"

కొమురెల్లి వింతగా చూశాడు. "నొప్పెందుకు సార్? టప్పుమని సప్పుడైంది. మల్ల ఇంకో రెండు పలగ్గొడుతె మంచిగుండు."

భీమశంకరం గారు ఆ వాచిన దౌడను రెండు వేళ్లతో మెల్లగా తాకాడు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నా బుర్రలో వెలిగింది. మేము దౌడ అనేదాన్ని పుస్తకాలలో బుగ్గ అంటారు. ఎన్ని పద్యాలలో చదివాను, ఎంతమంది పిల్లలకు అర్థం చెప్పాను. ఒక్క "రబ్బరు" ఉంటే ఈ జీపు వచ్చేదే కాదు. ఆ మాట కొట్టేసిన చెయ్యి నాది. నేను చెప్పాల్సింది ఒకటే ముక్క. నోరు తెరిస్తే పండితుణ్ణన్న పేరు గంగలో కలుస్తుంది. ఏటూరునాగారం బస్సులో నేనుంటాను. తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఇన్‌స్పెక్టరు లేచి మొండయ్య వైపు తిరిగాడు. "ఈ రిపోర్టు మీరు రాసిందేనా?"

"సంతకం నాదే సార్."

"సంతకం కాదయ్యా. ఈ మాటలు మీవేనా?"

మొండయ్య చెయ్యి చొక్కా జేబు దాకా పోయి ఆగింది. నా వైపు చూడలేదు. "నాయే సార్" అన్నాడు. తర్వాత లిఫాఫా తీసి రెండు చేతులతో ముందుకు చాచాడు. "పగిలిన బుగ్గలు దీన్ల ఉన్నయి సార్. ఏడుగురియి. దేనికి దానికి పేరు రాసిన."

భీమశంకరం గారు రెండడుగులు వెనక్కి వేసి, కుర్చీ తగిలి అందులోనే కూర్చుండిపోయాడు. లిఫాఫా ముట్టుకోలేదు. చెమట తుడుచుకుని, మంచినీళ్లు అడిగి తాగి, పెన్ను మూత తీశాడు. ఈ క్లాసు శాశ్వతంగా రద్దు అని రాస్తున్నానని హెడ్మాస్టరు గారితో చెప్పాడు. పసిపిల్లల బుగ్గలతో ఆటలాడే మనిషిని బడి ఛాయలకే రానివ్వకూడదని అంటూ, మాట మాటకూ తన బుగ్గను తడుముకుంటున్నాడు.

వరసలోంచి శకుంతల ఒక అడుగు ముందుకు వేసింది. ఆమె చూపంతా ఆయన చేతి మీదే ఉంది.

"సార్, జర మల్లొకసారి బుగ్గ అనుండ్రి."

ఆయన పెన్ను ఆపి అయోమయంగా చూశాడు. "ఏమిటమ్మా? బుగ్గ" అన్నాడు. చెయ్యి చెంపకు పోయింది.

"ఇంకొకసారి సార్."

"బుగ్గ." చెయ్యి మళ్లీ పోయింది.

"ఒక్కసారే సార్, గిదే ఆఖరు."

మూడోసారి కూడా చెయ్యి చెంపకే పోయింది. శకుంతల మొండయ్య వైపు తిరిగి, తరాజు దగ్గర చెప్పినట్టే తాపీగా చెప్పింది. "మూడుసార్లు సూసిన సార్. ఈ సారు బుగ్గ దౌడ మీదున్నది. మనది వేరే." లంగా బొడ్డులోంచి, తను దాచుకున్న ఎర్రటి బుగ్గ తీసి, ఊపిరి బిగబట్టి ఊది, మూతి మెలిపెట్టి ఇన్‌స్పెక్టరు గారి చేతిలో పెట్టింది. "మా బుగ్గ ఇది సార్."

 ఆయన చేతిలో ఉన్న బుగ్గను చూశాడు. కొమురెల్లి పంటి కట్టును చూశాడు. లిఫాఫా విప్పి, "కొమురెలి బుగ" అని చీటీ కట్టిన నీలం రబ్బరు పేలికను పైకెత్తాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి, తర్వాత బొజ్జ, తర్వాత కుర్చీ. అంత నవ్వు ఆ బడి అంతకుముందు వినలేదు. నవ్వలేక దగ్గు పట్టింది. అయోడిన్ సీసా కింద పడి పగిలింది.

తేరుకున్నాక, రాసిన కాగితం చింపేసి, క్లాసు ఈ రోజే మొదలుపెట్టమన్నాడు. ముందు ఒక రబ్బరు అన్న మాట వేస్తే ఏం పోయేదయ్యా అని మొండయ్యను మందలించాడు. మరిచిపోయిన సార్ అన్నాడు మొండయ్య. జీపు ఎక్కబోతూ ఇన్‌స్పెక్టరు మళ్లీ వెనక్కి వచ్చాడు. ముఖం కొంచెం ఎర్రబడింది. పిల్లలు లెక్కపెట్టారని మొదటి రిపోర్టులో రాసిన ఆ బొక్కలు ఏమిటని హెడ్మాస్టరు గారిని పక్కకు పిలిచి గుసగుసగా అడిగాడు. రంధ్రాలనుకుని, ఆఫీసులో దాని మీద మెమో రాసే ధైర్యం ఎవరికీ చాలలేదట. హెడ్మాస్టరు గారు తన మోచేతి ఎముక చూపించాక ఆయన పెద్దగా ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఏడుగురూ రెండు గంటలకు బదులు మూడు గంటలు కూర్చున్నారు. బడి ఖాళీ అయ్యాక నేను సైకిలు దగ్గర మొండయ్యను పట్టుకున్నాను. హ్యాండిలుకున్న జల్లెడ సర్దాను. ఆయన చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి నా చేతికిచ్చాడు. చిత్తు రిపోర్టు. "రబరు" మీద నా ఎర్ర సిరా గీత. విచారణ సాగినంతసేపూ అది ఆయన గుండె మీదే ఉంది.

"ఇదెందుకు సూపియ్యలే?" అన్నాను. 

"మీరు చెప్తరో చెప్పరో నాకెర్క లేదు సార్. సూద్దామనుకున్న."

ఆయన గొంతులో కోపం లేదు. పాలు ఎందుకు పొంగుతాయని అడిగిన పిల్లలతో ఎలా మాట్లాడేవాడో అలాగే అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"ఏం తేలింది మరి?"

మొండయ్య సైకిలు స్టాండు తీసి, చెవి వెనక గోక్కున్నాడు. "ఒక్కసారి సూస్తె లెక్కల రాదు గద సార్. మల్లొకసారి సూడాలె."

సోమవారం పొద్దున బడి గంటకు ముందే నేను స్టాఫు రూములో కూర్చుని ఇన్‌స్పెక్టరు గారికి ఉత్తరం రాశాను. రిపోర్టులోంచి ఆ మాట కొట్టేసింది మొండయ్య కాదు, నేనని, ఆయన వద్దన్నా వినలేదని, విచారణలో నోరు మూసుకుని నిలబడ్డానని రాశాను.  పూర్తి చేసి, మొండయ్య రాగానే చదవమని ఇచ్చాను. ఆయన ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చివరిదాకా చదివాడు.  మళ్లీ మొదటికి వచ్చి, ఒక చోట వేలు ఆపాడు.

"రబ్బరుల ఒత్తు మర్సిండ్రు సార్."

చూశాను, నిజమే. రబరు అనే రాశాను. ఆయన నా జేబులోంచి ఎర్ర పెన్ను తీసుకుని, నాలుక కొస బయటపెట్టి, మెల్లగా తనే ఆ ఒత్తు పెట్టాడు.